ఎండకి తెల్లబడే పసుపు

ఇంటి నుంచి, ముందు వరండా
ఎండలు తగ్గుతున్న రోజులు

బామ్మర్దికి,

నేను ఉత్తరం రాయడమేమిటని నవ్వుకో, ముందు ఆ పని కానిచ్చేయ్. ఫోన్ చేస్తే నువ్వు చెప్పేదాంట్లో సగం నాకు వినపడదు. టైల్స్ కోసే మిషన్ పుణ్యమా అని కుడి చెవి ఎప్పుడో చేతులెత్తేసింది, ఎడమది కూడా దాని దారే పట్టింది. పైగా నేను ఫోన్లో మాట్లాడితే వీధి చివరిదాకా వినపడుతుందట. ఈ సంగతి వీధికి తెలియక్కర్లేదు.

నీ నర్సరీ నుంచి నాకు పసుపు గులాబీ మొక్కలు కావాలి. పెద్దవి కాదు, ఆ మినీ గులాబీలు, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దగా పూస్తాయే, అవి. వరండా మెట్ల పక్కనుంచి ప్రహరీ దాకా వరసగా పెట్టాలి. నువ్వే ఎంచి పంపు. మీ అక్కకి మాత్రం చెప్పకు.

ఎందుకో నీకు తెలిసే ఉంటుంది, అయినా నా నోటితో చెబుతాను. మీ ఆవిడ, అదే మా చెల్లెమ్మ, కాలు విరిగిందని మీ అక్క నీ దగ్గరికి వచ్చినప్పుడు, నేనిక్కడ ఊరికే కూర్చోలేక ముందు వాకిలంతా టైల్స్ వేసేశాను. ఆవిడ పసుపు గులాబీలున్న చోటుతో సహా. ఇంటికొచ్చేసరికి ఆశ్చర్యపోతుందనుకున్నానురా. వాన పడితే ఆ మట్టిలో జారుతుందని, రోజూ ఊడవలేక నడుం పట్టుకుంటుందని నా బాధ. ఊళ్లోవాళ్లందరికీ వేశాను గానీ మా ఇంటికి ఏనాడూ వేసుకోలేదు. నా చేతిమీద అంత మంచి పని మళ్లీ పడదు. బిందెడు నీళ్లు కుమ్మరించు, చుక్క నిలవదు.

మీ అక్క వచ్చింది. గేటు దగ్గరే నిలబడిపోయింది. "వాటం చూశావా? నీళ్లు ఎలా పోతాయో చూడు" అన్నాను. "బాగుంది. చాలా నీట్‌గా వచ్చింది" అని లోపలికి వెళ్లింది. నిజంగానే నచ్చిందనుకున్నాను. కొన్నాళ్లుండి, మరదలి కాలు ఇంకా సర్దుకోలేదని మళ్లీ బ్యాగు సర్దుకుంది. చెల్లెమ్మ ఇప్పుడు స్కూటర్ కూడా నడుపుతోందని మొన్న మీ మొక్కల వ్యాను డ్రైవరు చెప్పాడు. అక్క మాత్రం రాలేదు.

అందుకని మెట్ల పక్క రెండు వరసల టైల్స్ లేపేసి మొక్కలు పెడతాను. అవి చూసైనా ఇంటికి వస్తుంది. రావాలిరా. ఆవిడ లేకపోతే ఈ ఇంట్లో నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

మీ బావ


నర్సరీ, కుండీల షెడ్డు

బావా,

నీ ఆజ్ఞ ప్రకారం ముందు నవ్వాను. కవరు విప్పగానే సిమెంటు రాలింది, అది చూసి మీ చెల్లెమ్మ ఇంకా నవ్వింది.

పసుపు మినీ గులాబీలు పంపమన్నావు. నీ దగ్గరికి ఒకడొచ్చి "టైల్స్ వేయండి" అని ఊరుకుంటే నువ్వేం చేస్తావు? ఏ సైజు, గరుకువా నున్నవా, గోడకా నేలకా అని వాడి ప్రాణం తోడెయ్యవూ? ఇప్పుడు నా వంతు. పసుపంటే ఒక్క పసుపు కాదు. నిమ్మకాయ రంగు ఉంది, గుడ్డుసొన రంగు ఉంది, రేకల అంచున ఎరుపు దిద్దినట్టుండేది ఉంది. కొన్ని రాలేదాకా రంగు మార్చవు. కొన్ని ఎండ తగిలితే వెలిసిపోతాయి. కొన్ని మోకాలెత్తు పెరిగి ఆగుతాయి, కొన్ని నేల మీద పాకుతాయి. వాసన ఉన్నవి చాలా తక్కువ, ఉన్నా ముక్కు పెట్టి చూస్తేగానీ తెలియదు.

అక్క పెంచినవి ఏ రకమో చెప్పు, అవే పంపుతాను. మొగ్గ సన్నగా ఉండేదా, బొద్దుగానా? పువ్వు విచ్చుకున్నాక మధ్యలో కేసరాలు కనపడేవా? ముళ్లు ఎక్కువా తక్కువా? ఆకు మెరిసేదా? ఫొటో ఏదైనా ఉంటే పంపు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ పాత మొక్కలు ఏ మూల పెట్టావు? ఎండిపోయినా పర్లేదు. పచ్చిగా ఒక్క కొమ్మ దొరికినా చాలు, దాంట్లోంచే పుట్టిస్తాను. మినీ గులాబీకి అంటు కట్టక్కర్లేదు, కొమ్మ గుచ్చితే చాలు, అదే వేళ్లు పడుతుంది. అప్పుడు అక్కకి అక్క మొక్కే తిరిగి వస్తుంది.

అక్క బాగానే ఉంది. నీ ఉత్తరం సంగతి చెప్పలేదు. చెప్పకుండా ఉండటం మా ఇంట్లో ఎంత కష్టమో నీకు తెలుసు.

నీ బామ్మర్ది


ఇంటి నుంచి, వరండా మెట్లు

బామ్మర్దీ,

నీ ప్రశ్నలు మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. ఒక్కదానికీ జవాబు తెలియదు. పసుపని తెలుసు, చిన్నవని తెలుసు. అంతే. వాసన ఉండేదా అంటే ఉండేదేమో. రోజూ వాటి పక్కనుంచే కదరా నేను పనికి పోయేది!

ఫొటో ఉంది. పని మొదలుపెట్టే ముందు ఒకటి, అయ్యాక ఒకటి తీయడం నాకు అలవాటు, కొత్త పార్టీలకి చూపించడానికి. ఆత్రంగా తీసి చూశాను. ముందు తీసిన ఫొటోలో వాటి మీద ఇసుక కుప్ప ఉంది. లారీ వాణ్ణి అక్కడ పొయ్యమన్నది నేనే.

సరే, సిగ్గు విడిచి ఇరుగుపొరుగుని అడిగాను. పక్కింటి టీచరమ్మ "నిమ్మకాయ రంగండీ. నేను పేపర్లు దిద్దుతుంటే మీ ఆవిడ గ్లాసులో వేసి నా బల్ల మీద పెట్టేది" అంది. ఎదురింటి టైలరమ్మ ఊరుకోలేదు. "నిమ్మకాయ రంగేమిటి, మీకు కళ్లద్దాలు మార్చాలి. అసలు సిసలు గుడ్డుసొన రంగు. ఆ రంగు దారం కోసం నేను తిరగని కొట్టు లేదు" అంది. ఇద్దరూ నా గేటు దగ్గరే వాదులాటకి దిగారు. ఇంతలో గ్యాస్ సిలిండర్ అతను వచ్చి "రంగు సంగతేమో గానీ ముళ్లు మాత్రం గట్టివి మేస్త్రీ, నా ప్యాంటు చింపితే అమ్మగారే కుట్టిచ్చారు" అన్నాడు. నేను మధ్యలో దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఆఖరికి టీచరమ్మ నావైపు తిరిగి "మీ ఇంట్లో మొక్కే కదండీ, మీరెప్పుడూ చూడలేదా?" అంది. ఆవిడ మామూలుగానే అడిగింది. నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది.

పాత మొక్కలు ఏమయ్యాయని అడిగావు. పని మొదటిరోజే పీకించి, మట్టితో పాటు చెత్త ట్రాక్టర్‌లో వేయించాను. అప్పుడు అవి నాకు మొక్కల్లా కనపడలేదురా, టైల్స్ కింద పరిచే సిమెంటు బెడ్డుకి అడ్డంగా కనపడ్డాయి.

ఏదో ఒకటి నువ్వే చూసి పంపు.

బావ


నర్సరీ, కుండీల షెడ్డు

బావగారికి,

మీ ఉత్తరం అందింది. ఇన్నాళ్లూ మిమ్మల్ని చనువుగా నువ్వు అనేవాణ్ణి. ఈ పూట చెయ్యి రావడం లేదు, ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్లేదు.

అక్క ఇక్కడికి బయల్దేరేముందు మీకేం చెప్పిందో గుర్తుందా? మొగ్గలున్నాయి, సాయంత్రంపూట కాసిని నీళ్లు పొయ్యండి అంది. మీరు అలాగే అన్నారట. ఇక్కడ మా ఆవిడకి దిండు సర్దుతూ, మందులిస్తూ, మాటల మధ్యలో "ఈపాటికి విచ్చుకుని ఉంటాయి" అనేది. ఎవరితో అన్నట్టు కాదు, తనలో తనే. అప్పటికే అవి ఏ చెత్తగోతిలో ఉన్నాయో మీకు తెలుసు.

మీకింకో సంగతి చెప్పలేదు. అక్క ఇక్కడ ఊరికే లేదు. మా ఆవిడ కాలు నయమయ్యాక నర్సరీలో పనికి దిగింది. కొమ్మలు కోసి, ఇసుకలో గుచ్చి, వేళ్లు పట్టించే పని. నేను పెడితే సగం కుళ్లేవి, తను పెట్టినవి నిలబడుతున్నాయి. షెడ్డు పైన సామాను గది ఖాళీ చేసుకుని అందులోనే ఉంటోంది. కిటికీకి తనే తెర కుట్టుకుంది. తిరిగి ఇంటికి వెళతాననీ అనలేదు, వెళ్లననీ అనలేదు. అడిగితే వెళ్లనంటుందేమోనని నేనే అడగలేదు. ఈ దొంగతనంలో నాకూ వాటా ఉంది, మీతో ఒక రకంగా, తనతో ఒక రకంగా ఉంటున్నాను.

మూడు రకాలు పంపుతున్నాను. పేర్లు రాయలేదు, కావాలనే. మొక్కలు పెట్టే చోట మీరు వేసిన బెడ్డంతా మోచెయ్యి లోతున తవ్వి పారేసి కొత్త మట్టి పోయండి. సిమెంటు పొడి ఉన్న చోట గులాబీ బతకదు. మొక్కలు పూసేదాకా చూడండి. ఏది ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో రాయండి. ఆ ఉత్తరం అక్కకి చూపిస్తాను. ఇకమీద తనకి తెలియకుండా ఏదీ చేయను.

ఉంటాను.


ఇంటి నుంచి, మెట్ల పక్క
చలి మొదలైంది

బామ్మర్దీ,

నువ్వు మళ్లీ బావా అనేదాకా నేను మాత్రం బామ్మర్దీ అనే రాస్తాను. తిట్టావు. ఇంకా తిట్టాల్సింది.

నీళ్లు పొయ్యమందని నాకు నిజంగా గుర్తులేదు. అలాగే అనే ఉంటాను. ఏది చెప్పినా అలాగే అంటాను కదా, చెవిటివాడికి అదొక సదుపాయం. కానీ ఇది చెవి తప్పు కాదని నాకు తెలుసు.

బెడ్డు తవ్వాను. నా పని అంత తేలిగ్గా ఊడుతుందా, సుత్తి నా చేతికే ఎదురుకొట్టింది. కూలివాణ్ణి పెట్టుకోమన్నారు గానీ ఒప్పుకోలేదు. ఎర్రమట్టి, ఎరువు తెచ్చి నింపాను. మొక్కలు పెట్టాక పొద్దున్నే ఓ ముక్కాలిపీట వేసుకుని వాటి ముందు కూర్చుంటున్నాను. పనికి ఆలస్యంగా వెళుతున్నాను. మేస్త్రికి మతి పోయిందని పార్టీలు అనుకుంటున్నారు.

ఇప్పుడు చెబుతాను విను. ఎడమ చివరిది నిండు పసుపు. విచ్చినప్పుడు ఏ రంగో రాలేటప్పుడూ అదే రంగు. వాసన లేదు. చెప్పిన మాట వినే పువ్వు. కొత్త ఇంటివాళ్లు చూస్తే దీన్నే కొంటారు. మధ్యది రేకల అంచున ఎరుపు, నాకది ముఖానికి రంగేసుకున్నట్టు అనిపించింది. కుడివైపుది మొగ్గలో గుడ్డుసొన రంగు. మొగ్గ సన్నగా, మొన తేలి ఉంటుంది. పొద్దున విచ్చుకున్నప్పుడు వంగి ముక్కు దగ్గరగా పెడితే వాసన ఉంది, పలచటి టీ వాసన లాంటిది. ఎండ ఎక్కాక వెళ్లి చూస్తే ఉండదు. మర్నాటికి నిమ్మకాయ రంగులోకి దిగుతుంది. తర్వాత మీగడ రంగు. రాలేటప్పటికి తెల్లగా ఉంటుంది. పసుపని చెప్పినా ఎవరూ నమ్మరు. అప్పటికి పక్కనే ఇంకో మొగ్గ సొన రంగులో తయారు. ఒక్క మొక్క మీద ఒకేసారి ఇన్ని రంగులు!

మొన్న ఊడుస్తుంటే మెట్టు మీద తెల్ల రేకలు పడున్నాయి. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఈ రేకలు నాకు తెలుసురా. ఏళ్ల తరబడి ఈ మెట్ల మీంచి ఊడ్చాను వీటిని. ఇంట్లో ఒక్క తెల్ల పువ్వూ లేదు, ఈ చెత్త ఎక్కడినుంచి వస్తోందని అక్కమీద కేకలేసేవాణ్ణి. గాలికి పక్కింటినుంచి వస్తున్నాయేమో అనుకునేవాణ్ణి. టైల్స్ వేస్తే ఊడవడం సులువని అనుకోవడానికి ఆ రేకలు కూడా ఒక కారణం.

అక్క పెంచింది ఇదే. పందెం వేస్తాను. టీచరమ్మా టైలరమ్మా ఇద్దరూ నిజమే చెప్పారు.

నేను దీన్నే ఎంచుకున్నాను. ఆవిడదని మాత్రమే కాదు. మిగతావాటిని ఒకసారి చూస్తే చాలు. దీన్ని రోజూ చూడాలి, లేకపోతే ఏమీ చూడనట్టే. ఇన్నాళ్లూ ఆవిడ పొద్దున్నే ఇక్కడ నిలబడి ఏం చేస్తుందా అనుకునేవాణ్ణి. టీ చల్లారిపోతోందని లోపల్నుంచి అరిచేవాణ్ణి.

ఈ ఉత్తరం అక్కకి చూపిస్తానన్నావు. చూపించు. ఇంటికి రమ్మని చెప్పు. కావాలంటే వాకిలంతా లేపేస్తాను. ఒక్క టైలు కూడా ఉంచను.

బావ


నర్సరీ, షెడ్డు పైగది

ఏమండీ,

మీ ఉత్తరం తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. ఇస్తూ "బావ రాశాడు" అన్నాడు, వాడి చేత మళ్లీ బావ అనిపించుకుని మీరు గెలిచినట్టే. వాడు తన ఉత్తరాల గురించి కూడా చెప్పాడు. ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాను, మీ వాటా మీరు ఊహించుకోండి.

అదేనండీ. సరిగ్గా అదే. మొగ్గ సన్నగా ఉంటుందని కూడా రాశారు, చదువుతుంటే ఆ మొక్క ముందు నిలబడ్డట్టే ఉంది. తెల్ల రేకల సంగతి చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాను. నోరు తెరిచేలోగా మీరు చీపురు గోడకి ఆనించి వెళ్లిపోయేవారు. తర్వాత చెప్పొచ్చులే అనుకునేదాన్ని. ఆ తర్వాత చెప్పాలని కూడా అనిపించడం మానేసింది.

మీరు టైల్స్ వేసిన ప్రతి ఇంటికీ నన్ను తీసుకెళ్లి చూపించేవారు గుర్తుందా? పని పూర్తయిన సాయంత్రం, చెప్పులు బయట విప్పించి, ఖాళీ గదుల్లో తిప్పేవారు. నేను చూసేదాన్ని. మొహమాటానికి కాదు, నిజంగా చూసేదాన్ని. మూలల్లో జాయింటు ఎలా కలిపారో, గుమ్మం దగ్గర ముక్క ఎలా కోశారో. ఒకసారి డాక్టరుగారింట్లో వెంట్రుకవాసి తేడా ఉంటే నేనే చూపించాను, మీరు మర్నాడు వెళ్లి ఆ వరస మార్చారు. మీ పని మీరు నేర్పకుండానే నేర్చుకున్నాను. ఒక్క పొద్దున నా మొక్కల దగ్గర నిలబడమని మిమ్మల్ని అడగలేదు. అది నా తప్పు. అడిగితే వచ్చేవారేమో. అడిగి చూపించుకోవాలా అని పట్టుదల. మీ మీద కోపం ఎంతుందో, నామీద నాకూ అంతే ఉంది.

గేటు దగ్గర నిలబడ్డ రోజు ముందు నా మొక్కల కోసం వెతికాను. మీ పని బాగుందన్నది అబద్ధం కాదు. అంత బాగా వేశారే అని ఏడుపొచ్చింది.

మీరు చెడ్డవారు కాదు. కష్టమంతా అక్కడే వచ్చింది. చెడ్డవారైతే ఎప్పుడో బ్యాగు సర్దేదాన్ని. ఇలాంటి ఉత్తరం, ఇలాంటి నాలుగు మాటలు, ఆ వాకిట్లో ఉన్నప్పుడు ఒక్కసారి మీ నోట విని ఉంటే అసలు సర్దేదాన్నే కాదు. చదువుతూ ఏడ్చాను. అందులో సంతోషం లేదనను. కానీ ఆలస్యమైపోయిందండీ.

నేను రావడం లేదు. కోపంతో రాయడం లేదు, కోపం తీరేదాకా ఆగి రాస్తున్నాను. ఇక్కడ పొద్దున్నే మెలకువ వస్తే లేవబుద్ధి అవుతోంది. ఏ కొమ్మ నిలబడిందో, ఏది వాడిందో చూడాలని ఆత్రం. తెలియనివాళ్లు కూడా వచ్చి "అక్కా, ఈ మొక్కకి ఏమైంది" అని అడుగుతారు. నేను చెబితే వింటారు. నా మాట వినేవాళ్లుంటే నేను ఇంత మాట్లాడతానని నాకే తెలియదు. ఆ ఇంటికి వస్తే మళ్లీ మౌనంగా అయిపోతానని భయం. మీరు మారారేమో. నేను మాత్రం ఆ గుమ్మం ఎక్కగానే పాత మనిషినైపోతాను.

వాకిలి లేపకండి. అంత మంచి పని పాడుచేయొద్దు. మొక్కల కోసం తవ్వింది చాలు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లండి, వాయిదా వేయకండి. స్వెటర్ అలమార కింది అరలో, దుప్పటి వెనకాల ఉంది.

ఇట్లు,
మీ ఆవిడ అని రాయబోయి ఆగాను. ఏం రాయాలో తెలియలేదు.


ఇంటి నుంచి, మెట్ల పక్క

నీకు,

పైన ఏమని రాయాలో నాకూ తెలియలేదు. ఇంట్లో "ఇదిగో" అనేవాణ్ణి. ఉత్తరంలో ఇదిగో అని ఎలా రాస్తారు? నీకసలు నేనెప్పుడూ ఉత్తరమే రాయలేదు. ఎప్పుడూ ఎదురుగానే ఉన్నావు కదా అనుకున్నాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. బామ్మర్దికి చెప్పకు, వాడు జాలిపడితే భరించలేను. మొదట కోపం వచ్చింది, ఇంత చేశాక కూడా రానంటుందా అని. తర్వాత నువ్వు రాసింది ఇంకోసారి చదివాను. గుమ్మం ఎక్కగానే పాత మనిషినైపోతానన్నావే, ఆ ముక్క దగ్గర కోపం చల్లారిపోయింది. ఇక రమ్మని అడగను. అడగాలని నోటిదాకా వస్తుంది, అయినా అడగను.

స్వెటర్ దొరికింది. చెవుల డాక్టరు మిషన్ ఒకటి పెట్టాడు. దాంతో గేటు చప్పుడు కూడా వినపడుతోంది. చప్పుడైన ప్రతిసారీ లేచి చూస్తున్నాను, అదొక్కటే ఇబ్బంది.

ఈ విడత పూలన్నీ రాలిపోయాయి. వాడిన తలలు తుంచేస్తే మళ్లీ చిగురేస్తుందని టైలరమ్మ చెప్పింది. కత్తెర పట్టుకుని వెళ్లాను. వాడిన పువ్వు కింద మూడాకుల రెమ్మ ఉంది, ఇంకాస్త కిందికి వెళితే ఐదాకుల రెమ్మ ఉంది. ఎక్కడ కత్తిరించాలో తెలియక నిలబడిపోయాను. టీచరమ్మని అడగొచ్చు, బామ్మర్దికి రాయొచ్చు. కానీ నిన్ను అడగాలనిపించింది. ఇన్నేళ్లలో నీకు చెప్పాను, చూపించాను, నీచేత పొగిడించుకున్నాను. నీకు తెలిసినదాన్ని నాకు చెప్పమని అడగడం మాత్రం ఇదే మొదలు.

మూడాకుల దగ్గరా, ఐదాకుల దగ్గరా? నీకు తీరిక దొరికినప్పుడు రాయి. నువ్వు రాసేదాకా కత్తెర పెట్టను.